ముక్క మెత్తదనం ఎక్కడిది?

అమెరికాలో మాంసం దుకాణానికి వెళితే చక్, రిబ్‌ఐ, సర్లాయిన్, బ్రిస్కెట్ అంటూ బీఫ్ ప్యాకెట్లు వరసగా కనిపిస్తాయి. పక్కపక్కనే ఉన్నవాటి ధరలు కూడా రెండు మూడు రెట్లు తేడాగా ఉంటాయి. ఈ తేడాకు ముఖ్య కారణం, బతికున్నప్పుడు పశువు ఆ కండతో ఎంత పనిచేసిందన్నదే. ఇది అర్థమైతే పేర్లన్నీ బట్టీ పట్టనక్కర్లేదు.

వధించాక తల, చర్మం, పేగులు, గిట్టలు తీసేస్తే పశువు బరువులో సుమారు 60 శాతం మిగులుతుంది. ఈ కళేబరాన్ని వెన్నెముక వెంట నిలువునా రెండుగా చీలుస్తారు. పశువుకు పక్కటెముకలు 13 జతలు. 12, 13 ఎముకల మధ్య అడ్డంగా కోసి, ఒక్కో సగాన్ని మళ్లీ ముందుభాగం, వెనకభాగంగా విడదీస్తారు. ఆ కోతలో కనిపించే కండలో సన్నటి కొవ్వు చారలు ఎంత దట్టంగా ఉన్నాయో, పశువు వయసెంతో చూసి ప్రైమ్, చాయిస్, సెలెక్ట్ లాంటి గ్రేడ్లు ఇస్తారు.

ఆపైన ఎనిమిది పెద్ద భాగాలు. వెన్ను వెంట వరసగా మెడ, భుజం కలిసిన చక్, పక్కటెముకల దగ్గరి రిబ్, నడుము దగ్గరి లాయిన్, తొడ భాగమైన రౌండ్. కింది వైపు ముందుకాలి షాంక్, రొమ్ము భాగమైన బ్రిస్కెట్, పొట్ట వైపు ప్లేట్, ఫ్లాంక్.

నడిచేటప్పుడూ మేసేటప్పుడూ ఎక్కువ శ్రమ కాళ్లది, భుజాలది, మెడది. పశువుకు కాలర్ ఎముక ఉండదు కాబట్టి ముందుభాగం బరువు మోయడంలో రొమ్ము కండలకూ పెద్ద పాలే ఉంటుంది. శ్రమపడే కండల్లో కొల్లాజెన్ అనే గట్టి పీచు పెరుగుతుంది. వెన్నెముక అడుగున ఉండే టెండర్‌లాయిన్‌కు పని తక్కువ. అందుకే అది అన్నిటికన్నా మెత్తన. చిన్న కండ కావడంతో ఖరీదూ ఎక్కువే.

గట్టి ముక్క అంటే నాసిరకం అనుకోకూడదు. తడి సెగ మీద గంటల తరబడి ఉడికితే కొల్లాజెన్ కరిగి జెలటిన్‌గా మారి, పులుసుకు చిక్కదనం ఇస్తుంది. హైదరాబాద్ వంటకం నహారీలో వాడే కాళ్లు, నాలుక జీవితాంతం పనిచేసిన భాగాలే. వాటిని రాత్రంతా సన్నసెగ మీద ఉంచడానికి కారణం ఇదే. టెండర్‌లాయిన్‌ను అలా ఉడికిస్తే పొడిబారి రుచి చెడుతుంది.

ఒక భాగంలోని కండలన్నీ ఒకే తీరుగా ఉండవు. 2000 ప్రాంతంలో నెబ్రాస్కా, ఫ్లోరిడా విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు చక్, రౌండ్‌లలోని కండలను విడివిడిగా పరీక్షించారు. భుజంలోని ఒక కండ మెత్తదనంలో టెండర్‌లాయిన్ తర్వాతిదని తేలింది. దాని మధ్యలో గట్టి పొర ఉండటం వల్ల అంతవరకు విలువ దక్కలేదు. ఆ పొర తీసి అమ్మేదే ఫ్లాట్ ఐరన్ స్టేక్.

కొనేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు: ఈ కండ ఎంత పనిచేసింది? వండటానికి నా దగ్గర ఎంత సమయముంది? గంటల సమయముంటే చక్, షాంక్ తక్కువ ధరకే మంచి కూరనిస్తాయి. అరగంటే ఉంటే రిబ్, లాయిన్ తీసుకోండి. ఫ్లాంక్ లాంటి పొడవు పీచు ముక్కను మాత్రం వండాక పీచుకు అడ్డంగా పలచగా కోయండి. పీచు పొట్టిదైతే నమలడం తేలిక.