కమ్యూనిటీ కాలేజీ విద్యార్థుల వైద్యవిద్యా ప్రవేశం (అమెరికా)

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలో చదువు ప్రారంభించి, తరువాత నాలుగేళ్ళ విశ్వవిద్యాలయానికి బదిలీ అయిన విద్యార్థులు కూడా వైద్య కళాశాలలో ప్రవేశానికి దరఖాస్తు చేయవచ్చును. దీనిని నిషేధించే జాతీయ నియమమేదీ లేదు. అయితే బదిలీతో పాత గ్రేడులు రద్దు కావు. కమ్యూనిటీ కాలేజీ ఫలితాలు, బదిలీ తరువాతి ఫలితాలు రెండూ కలిపి పరిశీలించబడతాయి. విశ్వవిద్యాలయంలోని కఠినమైన విజ్ఞానశాస్త్ర విషయాలలో విద్యార్థి ఎలా రాణించాడన్నది ఈ మార్గంలో ముఖ్యమైన అంశం.

నేపథ్యం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇంటర్మీడియట్ తరువాత నీట్ పరీక్ష ద్వారా ఎం.బి.బి.ఎస్.లో చేరతారు. అమెరికాలో సాధారణంగా ముందుగా బ్యాచిలర్ డిగ్రీ పూర్తిచేసి, తరువాత నాలుగేళ్ళ ఎం.డి. లేదా డి.ఓ. (ఆస్టియోపతిక్ వైద్యం) కోర్సులో చేరతారు. అందువలన డిగ్రీ చదువు ఎక్కడ, ఎలా సాగిందన్నది ప్రవేశంలో కీలకమవుతుంది.

కమ్యూనిటీ కాలేజీలు తక్కువ రుసుముతో చదువు చెప్పే స్థానిక ప్రభుత్వ కళాశాలలు. ఇల్లినాయ్ రాష్ట్రంలో 1901లో స్థాపించబడిన జోలియట్ జూనియర్ కాలేజీ వీటిలో అతి పురాతనమైనది. ఉద్యోగం చేసుకొంటూ చదివేవారు, సైన్యం నుండి తిరిగివచ్చినవారు, కుటుంబంలో మొదటి తరం కళాశాల విద్యార్థులు వీటిలో ఎక్కువగా చేరతారు. ఇక్కడ సుమారు 60 క్రెడిట్లు పూర్తిచేసినవారికి అసోసియేట్ డిగ్రీ లభిస్తుంది. బ్యాచిలర్ డిగ్రీకి సుమారు 120 క్రెడిట్లు అవసరం.

గ్రేడుల లెక్క

బదిలీ విద్యార్థి గ్రేడు సగటును (జి.పి.ఎ.) చాలా విశ్వవిద్యాలయాలు కొత్తగా మొదలుపెడతాయి. వైద్య కళాశాలల ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ అయిన ఆమ్‌కాస్ మాత్రం విద్యార్థి చదివిన అన్ని కళాశాలల గ్రేడులను చేర్చి సగటును తానే లెక్కిస్తుంది. జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం, గణితం కలిపి మరొక ప్రత్యేక సగటు ఉంటుంది. ఒకే విషయాన్ని రెండుసార్లు చదివితే రెండు గ్రేడులూ లెక్కలోకి వస్తాయి. ఏ కళాశాల పేరునూ దాచరాదు.

ఉదాహరణకు, కమ్యూనిటీ కాలేజీలో 60 క్రెడిట్లకు 3.9, విశ్వవిద్యాలయంలో 60 క్రెడిట్లకు 3.5 సగటు వచ్చిన విద్యార్థికి మొత్తం 3.7 వస్తుంది. ఈ రెండు సంఖ్యలు తారుమారైనా మొత్తం 3.7 మాత్రమే. అయినను ప్రవేశ సంఘాలు గ్రేడులను సంవత్సరాల వారీగా చూస్తాయి గనుక, క్రమంగా పెరిగిన ఫలితాలకు ఎక్కువ విలువ ఉంటుంది.

విజ్ఞానశాస్త్ర విషయాలు

వైద్య కళాశాలలు సాధారణంగా జీవశాస్త్రం, సాధారణ రసాయన శాస్త్రం, కర్బన రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం ప్రయోగశాలతో సహా చదివి ఉండాలని కోరుతాయి. జీవరసాయన శాస్త్రాన్ని కోరేవి కూడా అనేకం. కమ్యూనిటీ కాలేజీలో చదివిన విషయాలను కొన్ని కళాశాలలు పూర్తిగా అంగీకరిస్తాయి, కొన్ని విశ్వవిద్యాలయంలో చదవడాన్ని మేలుగా భావిస్తాయి. కనుక ప్రతి కళాశాల నియమాలను విడిగా చూసుకోవలసి ఉంటుంది. ప్రాథమిక విషయాలు కమ్యూనిటీ కాలేజీలో చదివినవారు బదిలీ తరువాత జన్యుశాస్త్రం, శరీరధర్మ శాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం వంటి పై స్థాయి విషయాలలో మంచి గ్రేడులు తెచ్చుకొంటే సందేహాలు తొలగుతాయి.

వైద్య కళాశాల ప్రవేశ పరీక్ష అయిన ఎమ్‌క్యాట్ అందరికీ ఒక్కటే. 2015 నుండి అమలులో ఉన్న విధానంలో నాలుగు విభాగాలు కలిపి 472 నుండి 528 వరకు మార్కులు ఉంటాయి. ఏ కళాశాలలో చదివినవారినైనా ఒకే కొలతతో చూసే పరీక్ష కావడం వలన బదిలీ విద్యార్థులకు ఇది మంచి అవకాశం.

కాలవ్యవధి సమస్య

ప్రవేశానికి ఏడాది ముందుగానే, వేసవి ఆరంభంలో దరఖాస్తు చేయాలి. డిగ్రీ ముగిసిన వెంటనే వైద్య కళాశాలలో చేరదలచినవారు మూడవ సంవత్సరం చివరనే దరఖాస్తు పంపాలి. అప్పటికి బదిలీ విద్యార్థి విశ్వవిద్యాలయంలో గడిపినది ఒక్క సంవత్సరమే. సిఫారసు లేఖలు వ్రాసే అధ్యాపకులతో పరిచయం, పరిశోధనానుభవం, ఆసుపత్రి సేవ అన్నీ ఆ లోపే సమకూర్చుకోవాలి. అందువలన చాలామంది డిగ్రీ పూర్తయిన తరువాత ఒక సంవత్సరం ఆగి దరఖాస్తు చేస్తారు.

పోటీ, ప్రోత్సాహం

2023లో ఎం.డి. కళాశాలలకు 52,577 మంది దరఖాస్తు చేయగా 22,981 మంది చేరారు. చేరినవారి సగటు జి.పి.ఎ. 3.77, ఎమ్‌క్యాట్ సగటు 511.7. ఏ మార్గంలో వచ్చినవారైనా ఈ పోటీనే ఎదుర్కోవాలి.

వైద్య విద్యార్థులలో ఎప్పుడో ఒకప్పుడు కమ్యూనిటీ కాలేజీలో చదివినవారు తక్కువేమీ కాదు. అయితే వీరిలో హైస్కూలులో ఉండగానో, వేసవి సెలవులలోనో ఒకటి రెండు విషయాలు చదివినవారు కూడా ఉంటారు. కనుక వీరందరినీ బదిలీ విద్యార్థులుగా భావించరాదు.

వైద్యుల కొరత ఉన్న ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులను వైద్యవిద్య వైపు నడిపించే కాలిఫోర్నియా మెడిసిన్ స్కాలర్స్ ప్రోగ్రాం ఏర్పడినది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలు

హైస్కూలులో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో చదివి పొందిన క్రెడిట్ల గ్రేడులు కూడా ఆమ్‌కాస్ లెక్కలోకి వస్తాయి. తేలికగా తీసుకొన్న ఒక కోర్సు ఏళ్ళ తరువాత కూడా దరఖాస్తులో కనిపిస్తుంది.

వలస హోదా మరొక ముఖ్య విషయం. అనేక వైద్య కళాశాలలు అమెరికా పౌరులను, శాశ్వత నివాసులను మాత్రమే చేర్చుకొంటాయి. తల్లిదండ్రుల హెచ్-1బి ఉద్యోగం వలన హెచ్-4 వీసాపై ఉన్న పిల్లలు 21 ఏళ్ళు నిండగానే ఆ హోదాను కోల్పోతారు. గ్రీన్ కార్డు రానివారు విద్యార్థి వీసాకు మారవలసి వస్తుంది; అప్పుడు దరఖాస్తు చేయగల కళాశాలల సంఖ్య బాగా తగ్గుతుంది. ఫెడరల్ విద్యా రుణాలు కూడా వీరికి లభించవు. ఇటువంటి కుటుంబాలు డిగ్రీ ప్రారంభంలోనే ఈ విషయాన్ని పరిశీలించుకోవడం అవసరం.

ప్రముఖ ఉదాహరణ

2002 నుండి 2006 వరకు అమెరికా సర్జన్ జనరల్‌గా పనిచేసిన రిచర్డ్ కార్మోనా హైస్కూలు చదువు మధ్యలో మాని సైన్యంలో చేరాడు. తిరిగివచ్చిన తరువాత న్యూయార్క్‌లోని బ్రాంక్స్ కమ్యూనిటీ కాలేజీలో చదివాడు. 1979లో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొందాడు.