ఒంటిగది బడి – మన పితరుల స్వాస్థ్యము



గోదావరిఖనికి కొద్ది దూరములో ఉన్న ఒక పల్లె సంఘములో గత వేసవిలో పెద్దల కూటము జరిగినది. అక్కడ మిషను కాలము నాటి ఒంటిగది బడి ఉన్నది. రాతి గోడలు, డంగుసున్నము, గూనపెంకుల కప్పు. దానిని పడగొట్టి అదే స్థలములో స్లాబు మందిరము కట్టుకుందామని పెద్దలు అన్నారు. ప్రతి వానకు కారే కప్పును చూచి విసిగిన మేమును సరే అన్నాము. దాచనేల, తీర్మానము వ్రాసినది మా చేతితోనే.

అప్పుడు డెబ్బది ఏండ్లు దాటిన ఒక తల్లి లేచి నిలువబడినది. "అయ్యగారూ, నేను సంతకం నేర్చుకున్నది ఈడనే. దీన్ని కూలగొడితే రేపు నా మనుమలకు ఏం జూపియ్యాలె?" అన్నది.

ఆ తల్లి పగలు మేకలు కాచి, రాత్రి లాంతరు వెలుగులో ఇక్కడ చదువుకున్నది. 1960వ దశకములో ఈ ప్రాంతమున బొగ్గు బాయిలు తెరువగా భర్త బాయి పనికి పోయినాడు. ఆయనకు వేలిముద్రయే గతి. జీతపు చీటీ ఇంటికి తెస్తే ఆమె చదివి చెప్పేది. చుట్టుపక్కల వారును తమ చీటీలు తెచ్చి ఆమె ముందు పెట్టేవారు. రెండు మూడేండ్ల రాత్రిబడి చదువు ఒక వాడకంతటికీ కన్నులైనది.

మన ప్రాంతములో బొగ్గు కథయు, బడి కథయు పక్కపక్కనే నడిచినవి. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును కనుగొన్నాడు. ఆ గనులకు వేసిన రైలు దారి డోర్నకల్లు జంక్షను నుండి చీలినది. అదే డోర్నకల్లుకు తిరునెల్వేలి క్రైస్తవులు తాము 1903లో స్థాపించుకున్న మిషనరీ సంఘము ద్వారా సువార్తికులను పంపిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్యగారు అక్కడనే పరిచర్య చేసి, 1945లో ప్రభువునందు నిద్రించిరి. కరీంనగర్, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టు మిషను పని చేసినది. ఈ పల్లెలలో ఉపదేశియే పంతులు, గుడియే బడి. ఊరి అరుగు బడిలో చోటు దొరకని మాల మాదిగ పిల్లలు ఇక్కడ చాప మీద కూర్చుండి అక్షరములు దిద్దిరి. నిజాము రాజ్యములో పై చదువులు ఉర్దూలో సాగిన ఆ దినములలో, ఈ గదిలో పేదవాని బిడ్డ తెలుగులో బైబిలు చదువగలిగెను.

ఒక గదిలో అయిదు తరగతులు ఎట్లు నడిచెనని నేటి పిల్లలు అడుగవచ్చును. పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పేవారు. పలకలు చాలనప్పుడు ఇసుకలో వ్రాసేవారు. ఈ పద్ధతిని చిన్నచూపు చూడకూడదు. 1789 నుండి మద్రాసు అనాథ బాలుర ఆశ్రమమును చూచిన ఆండ్రూ బెల్ అనే పాదిరిగారు, మన దేశపు పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి దానిని తన బడిలో పెట్టి, 1797లో పుస్తకము వ్రాసినాడు. మద్రాసు పద్ధతి అనే పేరుతో అది ఇంగ్లండు బడులకు ప్రాకినది.

అయితే ఆ కాలమే మేలని మేము చెప్పుట లేదు. ఒక్క పంతులుకు జ్వరము వస్తే బడి మూతపడేది. అందుకే 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకము ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసము రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలెనన్నది. 2009 విద్యాహక్కు చట్టమును 60 మంది లోపు పిల్లలకు ఇద్దరు ఉపాధ్యాయులను కోరుచున్నది. అది న్యాయము. పాత బడిని తిరిగి నడుపుట కాదు, దాని సాక్ష్యమును నిలుపుటయే మన పని.

యెహోషువ 4వ అధ్యాయము చూడుడి. యొర్దాను నడుమ నుండి 12 రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలిపిరి. అవి వట్టి రాళ్లే. అయితే పిల్లలు వాటిని చూచి అడిగినప్పుడు, దేవుడు దాటించిన సంగతి తండ్రులు చెప్పవలెను. రాళ్లు లేకపోతే ప్రశ్నయు లేదు, జవాబును లేదు. చార్మినారుకు ప్రభుత్వము కాపలా ఉన్నది. ఇటువంటి గదికి సంఘమే కాపలా.

మీ పల్లెలోను అట్టి గది ఉన్నయెడల కొన్ని పనులు వెంటనే చేయుడి. వానకాలము రాకముందే పగిలిన పెంకులు మార్చుడి. గోడలో మొలచిన రావి మొక్కను చిన్నగా ఉన్నప్పుడే వేరుతో తీయుడి. సున్నపు గోడకు సిమెంటు పూయవద్దు. చెమ్మ లోపలనే నిలిచి గోడ చెడును. సున్నముతోనే అతుకుడి. పాత హాజరు పుస్తకములు, ఫొటోలు ఒక పెట్టెలో భద్రపరచుడి. అక్కడ చదివిన వృద్ధుల మాటలు వారు బ్రదికి ఉండగానే వ్రాసికొనుడి.

మా తీర్మానము ఏమైనదని అడిగెదరా? ఆ కాగితమును మేమే చింపివేసినాము. మందిరము పక్కనున్న ఖాళీ జాగాలో కట్టుటకు పెద్దలు ఒప్పుకున్నారు. పునాదికి ఖర్చు పెరిగినది, పని ఒక ఏడాది వెనుకబడినది. అందుకు ఇప్పటికిని సణిగేవారు ఉన్నారు. అయినను గది కప్పు కొత్త పెంకులతో నిలిచినది. ఆదివారము ఉదయము సండేస్కూలు పిల్లలు అందులో కూర్చుంటున్నారు. మొన్న ఆ తల్లి మనుమరాలు బల్ల మీద తన పేరు వ్రాసి, "నానమ్మా, నువ్వు ఏడ కూసున్నవ్?" అని అడిగినది. ఆమె కిటికీ పక్క మూలను చూపించినది.

మన బిడ్డలకు చూపించుటకు అట్టి మూల ఒకటి మన సంఘములన్నిటిలో మిగులునట్లు ప్రభువు కృప చూపును గాక. ఆమేన్.