అగ్గిపెట్టెంత పరమాణు గడియారం

మన దేశ నావిగేషన్ వ్యవస్థ నావిక్ ఉపగ్రహాల గడియారాల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. శుక్రవారానికల్లా కాపీ చేతికివ్వాలి. అందుకోసం కాగితాలు తిరగేస్తూ ఒక డేటాషీట్ దగ్గర ఆగిపోయాను. అది ఎస్ఏ.45ఎస్ అనే చిప్ స్థాయి పరమాణు గడియారానిది. అమెరికా కంపెనీ సిమెట్రికామ్ 2011లో మార్కెట్లోకి తెచ్చింది. బరువు 35 గ్రాములు. పరిమాణంలో అగ్గిపెట్టె కన్నా చిన్నది. 120 మిల్లీవాట్లతో నడిచిపోతుంది.

లోపల గాజు, సిలికాన్‌తో చేసిన బుల్లి గదిలో సీజియం ఆవిరి ఉంటుంది. దాని మీదికి లేజర్ కాంతిని సెకనుకు దాదాపు 460 కోట్ల సార్లు హెచ్చుతగ్గులు చేస్తూ పంపుతారు. అది సీజియం సహజ లయలో కచ్చితంగా సగానికి కుదిరినప్పుడు పరమాణువులు కాంతిని పీల్చుకోవడం తగ్గించేస్తాయి. అవతల కాంతి కాస్త పెరుగుతుంది. ఆ చిన్న మెరుపు ఆధారంగానే గడియారంలోని క్వార్ట్‌జ్ స్ఫటికాన్ని దారిలో పెడతారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం ‘ఏజింగ్’ అన్న వరుస. నెలలో గడియారం నడక మారేది వెయ్యి కోట్లలో 9 వంతుల లోపేనని అక్కడ హామీ. పరమాణువుకు వయసేమిటి? వయసు పరమాణువుది కాదు, గదిది. సీజియం గోడలకు కొట్టుకోకుండా అందులో వేరే వాయువు నింపుతారు. ఆ వాయువే లయను కొంచెం జరుపుతుంది. నెలలు గడిచేకొద్దీ దాని పీడనం మారుతుంది, గాజులోంచి హీలియం కూడా లోపలికి చొరబడుతుంది. అందుకే ‘300 ఏళ్లకు ఒక్క సెకను తేడా’ వంటి ప్రచారం కన్నా ఈ ఒక్క వరుసనే నేను నమ్ముతాను.

లెక్క కట్టి చూడండి. సరిచేసి వదిలాక ఆ పరిమితి దాకా జారితే మొదటి నెలలో పేరుకునే తప్పు మిల్లీసెకను పైచిలుకు. ఒక మిల్లీసెకనులో రేడియో తరంగం దాదాపు 300 కిలోమీటర్లు వెళ్లిపోతుంది. భూకంప తరంగం రాతిలో సాగేది ఐదారు మీటర్లే. నావిగేషన్‌కు ఒంటరిగా పనికిరాని గడియారం సముద్రగర్భంలో భూకంపమాపకాలకు ప్రాణం పోస్తుందంటే కారణం ఇదే. అక్కడికి జీపీఎస్ అందదు, బ్యాటరీ నెలల తరబడి రావాలి. భూకంపమాపకాన్ని నీళ్లలోకి దించే ముందు ఒకసారి, పైకి తీశాక ఒకసారి జీపీఎస్‌తో సరిచూసి మధ్యలోని తేడాను రికార్డుల మీద సర్దుతారు. జారుడు ఒకే తీరున లేకపోతే ఆ సర్దుబాటూ తప్పుతుంది. ‘ఏజింగ్’ వరుసను శాస్త్రవేత్తలు ముందుగా చదవాల్సింది అందుకే.

చరిత్ర క్లుప్తంగా: 1955లో బ్రిటన్‌లో ఎసెన్, ప్యారీల సీజియం గడియారం, 1967లో సీజియం లెక్కన సెకనుకు కొత్త నిర్వచనం, 1971లో హాఫెలె, కీటింగ్ నాలుగు సీజియం గడియారాలను ప్రయాణికుల విమానాల్లో ప్రపంచం చుట్టూ తిప్పారు, 2004లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పరమాణు గడియారం గుండెకాయను మిల్లీమీటర్లకు కుదించింది.

శ్రీహరికోట నుంచి...

ఇక ముఖచిత్ర కథనం సంగతి: 2013లో శ్రీహరికోట నుంచే వెళ్లిన నావిక్ ఉపగ్రహం ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏలో దిగుమతి చేసుకున్న మూడు రుబీడియం గడియారాలూ చెడిపోయాయి. 2023 మే 29న ఎగిరిన మరో నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01లో తొలిసారి మన దేశంలో తయారైన పరమాణు గడియారాన్ని పంపారు. దాన్ని రూపొందించింది అహ్మదాబాద్‌లోని ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్.