మన వీధిలో వేగం

మన ఊళ్ళో అయితే ఒక ప్రమాదం జరిగిన మర్నాడే వీధివాళ్ళు కంకర పోసి స్పీడ్ బ్రేకర్ కట్టేస్తారు. ఆష్‌బర్న్‌లో ఆ వీలు లేదు. 1932 నాటి బర్డ్ చట్టంతో వర్జీనియాలో చాలా కౌంటీల రోడ్లు రాష్ట్రం చేతికి వెళ్ళాయి. అందుచేత మన ఇంటి ముందు రోడ్డు చాలావరకు అసోసియేషన్‌దీ కాదు, కౌంటీదీ కాదు.

1995లో డల్లస్ గ్రీన్‌వే వచ్చింది. టోలు ఎందుకని కొందరు వాక్స్‌పూల్ రోడ్డు పడతారు. అక్కడ కార్లు బారులు తీరితే కాలనీల్లోకి మళ్ళుతారు.

దీనికి దారి ఉంది. ముందు కౌంటీ బోర్డు రాష్ట్ర రవాణా శాఖను కోరాలి. గంటలో ఒక దిక్కున కనీసం 150 అడ్డదారి కార్లు, ఆ దిక్కు రాకపోకల్లో 40 శాతం, ఉన్నట్టు లెక్క తేలాలి. వేగం సంగతికి వేరే ఏర్పాటు: బోర్డు పెట్టిన వీధుల్లో మామూలు జరిమానాపై మరో 200 డాలర్లు కట్టాలి.

అంత పట్టుదల ఎందుకంటారా? 2011 నాటి ఏఏఏ ఫౌండేషన్ అధ్యయనం ప్రకారం, 23 మైళ్ళ వేగంతో కారు గుద్దితే నడిచేవారు చనిపోయే అవకాశం 10 శాతం. 42 మైళ్ళయితే 50 శాతం.

అర్జీ మీద సంతకాలు చేద్దాం. కాని ఒక్కమాట. ఆ కార్లలో మనవీ ఉన్నాయి. పిల్లల కూచిపూడి క్లాసుకు ఆలస్యమైందని పక్క కాలనీలో దూసుకుపోయేది మనమే. ఆ వీధిలోనూ పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. అయిదు నిమిషాలు ముందు బయలుదేరడానికి ఏ బోర్డు అనుమతీ అక్కర్లేదు.