రాముని మౌనం... మన ఇంటి మౌనం

యోగవాసిష్ఠంలోని వైరాగ్య ప్రకరణం తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసిన ఘట్టం. తీర్థయాత్ర నుంచి అయోధ్యకు తిరిగివచ్చిన శ్రీరామచంద్రునికి అప్పటికి పదహారేళ్లు నిండలేదు. క్రమంగా ఆయనకు ఆహారంపై ఆసక్తి తగ్గింది. శరీరం కృశించింది. ఏకాంతంలో మౌనంగా ఉండసాగాడు. పరిచారకులు ఆ మార్పును గమనించి దశరథునికి విన్నవించారు. విశ్వామిత్ర మహర్షి రాముణ్ణి సభకు రప్పించమన్నాడు. ఆయన మనసులోని మాటంతా చెప్పేవరకు పెద్దలందరూ విన్నారు. వసిష్ఠుని బోధ ఆ తరువాతనే!

శ్రీరాముని వైరాగ్యం వ్యాధి కాదు, జ్ఞానానికి ద్వారం. అయినా ఆ గమనింపు, ఆ వినడం ప్రతి ఇంటికీ అవసరమే.

'మావాడికి ఏదో దోషం పట్టింది, శాంతి చేయించండి స్వామీ' అంటూ ఆలయానికి వచ్చేవారు ఎందరో. జాతకం తెస్తారు గాని, బిడ్డను వెంట తీసుకురారు. ఒకనాటి అలక సహజమే. కానీ రెండు వారాలు దాటినా నిద్ర, ఆహారం కుదుటపడకపోయినా, స్నేహితులను తప్పించుకుంటున్నా, ఇష్టమైన ఆటను సైతం విడిచిపెట్టినా ఉపేక్షించరాదు. చిన్నపిల్లలు దుఃఖాన్ని మాటల్లో చెప్పలేరు. బడికి వెళ్లే వేళకు రోజూ కడుపునొప్పి అంటారు. దానిని నటనగా భావించి దండించకండి. 'నేను లేకపోతే మీకు ఏ బాధా ఉండదు' అన్న మాట వినబడితే మాత్రం ఆ రోజే వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. ఒంటరిగా వదలకండి. మాత్రలు, పురుగుమందులు అందకుండా దాచండి.

చరక సంహిత మూడు విధాల చికిత్సను చెప్పింది. మంత్రహోమాదులతో కూడిన దైవవ్యపాశ్రయం, ఆహార ఔషధాలతో కూడిన యుక్తివ్యపాశ్రయం, మనసును అహితం నుంచి మరల్చే సత్త్వావజయం. మొదటిది చేయించాం గనుక తక్కినవి అక్కరలేదని ఆ మహర్షి అనలేదు. పూజ నిశ్చయంగా చేయించండి. వైద్యుని దర్శించడానికి మాత్రం ముహూర్తం చూడకండి. 'పిచ్చి అంటారేమో, రేపు పిల్లకు సంబంధాలు రావేమో' అన్న భయంతో ఎన్నో ఇళ్లలో విలువైన నెలలు గడిచిపోతున్నాయి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'టెలీ మానస్'కు 14416 నంబరుపై రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

బిడ్డను నిలదీసి అడిగితే నోరు విప్పడు. సాయంసంధ్యలో దీపం వెలిగించాక టీవీ కట్టేసి, పక్కన కూర్చోండి. 'ఈమధ్య అన్నం సరిగా తినడం లేదు నాన్నా, మనసులో ఏమైనా బాధగా ఉందా?' అని అడగండి. వెంటనే జవాబు రాకపోవచ్చు. మరునాడు మళ్లీ కూర్చోండి.