మూత్రనాళములలో అరుదైన రాచపుండు

విశాఖ రేవులోనో ఉక్కు కర్మాగారపు కొలిమి చెంతనో పనిచేయువానికి ఒకనాడు మూత్రము ఎఱ్ఱగా వచ్చినదనుకొందము. నొప్పి లేదు. "వేడిచేసినది" అని బార్లీనీళ్ళు త్రాగును. రెండు దినములలో ఎఱుపు పోవును. బార్లీ గుణమిచ్చినదని సంతోషించును. మూత్రమార్గములోని రాచపుండు, అనగా కాన్సరు, తఱచుగా ఇట్లే మొదలిడును. నెత్తురు తనంత తానే ఆగి, కొన్ని వారములకో నెలలకో మరల కనబడును. ఆ నడిమికాలములో కంతి పెరుగుచునే యుండును.

మూత్రపిండములో తయారైన మూత్రము గరాటువంటి తిత్తిలోనికి జారి, అచటినుండి సుమారు 25 సెంటీమీటర్ల సన్నని నాళము గుండ మూత్రాశయమునకు దిగును. ఈ త్రోవ పొడవునను లోపల ఒకే జాతి పొర కలదు. ఆ పొరలో పుట్టు కాన్సర్లలో తిత్తికి, నాళమునకు చెందినవి నూటికి 5 మొదలు 10 వరకు మాత్రమే. తక్కినవన్నియు దాదాపు మూత్రాశయమునందే పుట్టును. మూత్రము ఆశయములో గంటలకొలది నిలుచును, నాళములో నిలువదు. అందలి విషములు పొరను తాకియుండు కాలము అచట తక్కువ.

ఆ విషములలో మొదటిది పొగాకుది. పొగ పోవునది ఊపిరితిత్తులలోనికి గదా యని విద్యార్థులు అడుగవచ్చును. పొగలోని ఆరొమాటిక్ ఎమీనులు నెత్తురులో కలిసి, మూత్రపిండములచే వడగట్టబడి మూత్రములో చేరును. ఇట్టి పదార్థములతో మెలగిన రంగుల కర్మాగారపు పనివారిలో మూత్రాశయపు కంతులను 1895లో జర్మనీలో రేన్ అను శస్త్రవైద్యుడు గుర్తించెను.

నాళపు కాన్సరుకు విశేషించి కారణమగునది మన చేలగట్ల మీదనే మొలచుచున్నది. గాడిదగడపాకు, ఈశ్వరి అరిస్టొలోకియా ప్రజాతి మొక్కలు. వీనిలోని అరిస్టొలోకిక్ ఆమ్లము మూత్రపిండములను చెడగొట్టుటయేగాక, డి.ఎన్.ఎ.ను అంటుకొని ఎడినిను ఉండవలసిన చోట థైమిను చేరునట్లు చేయును. 1990 దశకపు తొలియేండ్లలో బెల్జియములో సన్నబడుటకై ఈ ప్రజాతి మూలిక కలిసిన మందు వాడిన స్త్రీలకు మూత్రపిండములు చెడెను. తరువాత వారిలో పలువురికి ఈ కాన్సరే కనబడెను. చెట్టుమందు హాని చేయదను మాట ఇచట చెల్లదు.

రోగనిర్ణయము సులభము కాదు. నాళములో అడ్డుపడినది రాయి కావచ్చును, గడ్డకట్టిన నెత్తురు కావచ్చును. మూత్రములో రాలిన కణములను సూక్ష్మదర్శినితో చూచు పద్ధతిని 1945లో పాపనికొలౌ ప్రచురించెను. కాని మెల్లగా పెరుగు కంతుల కణములు మామూలు కణములవలెనే యుండి పరీక్షకుని ఏమార్చును. రంగుమందు ఎక్కించి తీసిన సి.టి. చిత్రము త్రోవను చూపును. సన్నని దర్శిని నాళములోనికి పంపి ముక్క తీసి పరీక్షించినచో సందేహము చాలవఱకు తీరును.

ప్రమాదము తక్కువైన చిన్న కంతిని లేసరుతో మాడ్చి మూత్రపిండమును నిలుపవచ్చును. లేనిచో మూత్రపిండమును, నాళమును, నాళము కలియుచోట మూత్రాశయపు అంచును కూడ తొలగింతురు. మొదలు మిగిల్చినచో అచటనే వ్యాధి తిరుగబెట్టును. చిక్కంతయు మందుతో వచ్చును. సిస్‌ప్లాటిన్‌ను ఓర్చుటకు మంచి మూత్రపిండములు కావలెను, శస్త్రచికిత్సతో మిగులునది ఒక్కటి! కొందఱు వైద్యులు అందుకే మందును ముందుగనే ఇత్తురు. ముదిరిన వ్యాధికి 1980 దశకములో వచ్చిన నాలుగు మందుల కూర్పులో సిస్‌ప్లాటిన్‌తోపాటు మెథొట్రెక్సేట్ కలదు. అది భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనశాలలో తయారైనది.

విశాఖలో 1923 నాటి కింగ్ జార్జి ఆసుపత్రి, అగనంపూడి వద్ద టాటా మెమోరియల్ కేంద్రపు హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి కలవు. చికిత్స ముగిసినను రోగి ఏండ్లకొలది మూత్రాశయమును పరీక్ష చేయించుకొనుచుండవలెను. పై త్రోవలో పుట్టిన ఈ వ్యాధి తరువాత క్రింది ఆశయములో తలయెత్తుట సామాన్యము.