వ్యక్తిగత ఫైళ్లు, ఫోటోలు: నమ్మదగిన బ్యాకప్‌ను ఎంచుకోవడం

ఫైలును నకలు చేయడం మీకు తెలుసు. అయితే ప్రతి నకలూ బ్యాకప్ కాదు. ఏ నకలును బ్యాకప్‌గా నమ్మవచ్చు, దానిని ఎక్కడ ఉంచాలి అనే విషయాలను ఈ భాగంలో పరిశీలిద్దాం. ముందుగా ఒక ఉదాహరణ చూడండి.

1998లో పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' యానిమేషన్ చిత్రం తయారవుతోంది. ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక ఆదేశంతో చిత్రానికి సంబంధించిన ఫైళ్లు వరుసగా చెరిగిపోసాగాయి. బ్యాకప్ ఉంది కదా అని అందరూ ధీమాగా ఉన్నారు. తీరా తెరిచి చూస్తే అది కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదని తేలింది. చివరకు ఆదుకున్నది సాంకేతిక విభాగంలో పనిచేసే గేలిన్ సస్మన్ ఇంట్లోని కంప్యూటర్. పసిబిడ్డను చూసుకుంటూ ఇంటి నుంచి పనిచేయడానికి ఆమె చిత్రం ప్రతిని ఒకటి ఇంట్లో పెట్టుకున్నారు. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, కారులో జాగ్రత్తగా స్టూడియోకు తీసుకువచ్చారు.

ఈ సంఘటనలో రెండు విషయాలను గమనించండి. స్టూడియోలోని బ్యాకప్‌ను ఎవరూ తెరిచి పరీక్షించలేదు. ఇంట్లోని ప్రతి మిగలడానికి కారణం అది వేరే చోట ఉండటమే. చెరిపివేసే ఆదేశం అక్కడిదాకా చేరలేదు. కాబట్టి అసలుకు వచ్చే ఆపద నకలును తాకకుండా ఉన్నప్పుడే ఆ నకలును బ్యాకప్‌గా పరిగణించాలి.

సింక్, బ్యాకప్ ఒకటి కావు

చాలామంది ఇక్కడే పొరపడతారు. "నా ఫోటోలన్నీ గూగుల్ ఫోటోస్‌లో ఉన్నాయి, ఇక భయం లేదు" అంటారు. ఫోన్‌లోనూ క్లౌడ్‌లోనూ ఒకే సమాచారం ఉండేలా చూడటాన్ని సింక్ అంటారు. కొత్త ఫోటో అటు ఎలా చేరుతుందో, మీరు చెరిపిన మార్పు కూడా అలాగే చేరుతుంది. గూగుల్ ఫోటోస్ యాప్‌లో ఒక ఫోటోను తొలగిస్తే అది ఫోన్ నుంచే కాక క్లౌడ్ నుంచి కూడా పోతుంది. క్లౌడ్‌లోకి చేరిన ఫోటో అయితే 60 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది, ఆ తరువాత తిరిగి రాదు. ఇంట్లో పిల్లలు ఫోన్‌తో ఆడుకుంటూ ఒక ఆల్బమ్‌ను చెరిపేస్తే, ఆ సంగతి మీరు మూడో నెలలో గుర్తిస్తే, చేయగలిగింది ఏమీ ఉండదు.

అదే యాప్‌లో ఫోన్‌లోని స్థలాన్ని ఖాళీ చేసే సదుపాయం కూడా ఉంది. అది ఫోన్‌లోని ప్రతులను మాత్రమే తీసివేస్తుంది. దానిని వాడటంలో తప్పు లేదు. కానీ వాడిన క్షణం నుంచి మీ దగ్గర ఉన్నది ఒకే ఒక్క ప్రతి అని గుర్తించాలి.

3-2-1 సూత్రం

డిజిటల్ ఫోటోలను భద్రపరచడంపై పుస్తకం రాసిన ఫోటోగ్రాఫర్ పీటర్ క్రో ఈ సూత్రానికి ప్రాచుర్యం కల్పించారు. అసలుతో కలిపి 3 ప్రతులు ఉండాలి, అవి 2 రకాల సాధనాలపై ఉండాలి, వాటిలో 1 వేరే చోట ఉండాలి. మీ విషయంలో ఇది ఫోన్ లేదా లాప్‌టాప్, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, ఒక క్లౌడ్ ఖాతా కావచ్చు.

'వేరే చోట' అన్న మాటను తేలికగా తీసుకోవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం నీట మునిగింది. అటువంటప్పుడు లాప్‌టాప్, హార్డ్ డిస్క్ రెండూ ఒకే అల్మారాలో ఉంటే రెండు ప్రతులున్నా ఒకటి ఉన్నట్లే. క్లౌడ్ వద్దనుకునేవారు రెండో డిస్క్‌ను వేరే ఊళ్లోని అక్క ఇంట్లోనో, బాబాయి ఇంట్లోనో ఉంచి, పండుగకు వెళ్లినప్పుడు కొత్త ఫోటోలను చేర్చుకోవచ్చు. పాతకాలపు పద్ధతిలా కనిపించినా బాగా పనిచేస్తుంది.

హార్డ్ డిస్క్‌ను ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉంచకూడదు. 2017 మే నెలలో వ్యాపించిన వన్నాక్రై వంటి రాన్సమ్‌వేర్ ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడుగుతుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. ఇటువంటి ప్రోగ్రామ్ కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డిస్క్‌లోకి కూడా ప్రవేశించగలదు. అందువల్ల నకలు పూర్తికాగానే డిస్క్‌ను విడదీయాలి.

ఏ సాధనం మేలు?

పెన్‌డ్రైవ్ ఫైళ్లను ఒకచోటి నుంచి మరోచోటికి మోయడానికే తగినది, ఏళ్ల తరబడి దాచడానికి కాదు. అతి చవకగా '2 టీబీ' అని అమ్మే వాటిలో నకిలీలు ఉంటాయి. అవి నిండిన తరువాత కూడా నకలు పూర్తయినట్లే చూపుతాయి, లోపల ఫైళ్లు మాత్రం ఉండవు. వాట్సాప్‌లో మనకు మనమే పంపుకోవడం కూడా సరైన మార్గం కాదు. మామూలుగా పంపిన ఫోటో పరిమాణం తగ్గి, నాణ్యత కోల్పోతుంది.

క్లౌడ్ విషయంలో ఒక లెక్క వేసి చూడండి. ఫోన్ ఫోటో ఒక్కొక్కటి 4 ఎంబీ అనుకుంటే 5,000 ఫోటోలు సుమారు 20 జీబీ. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిల్ కూడా. రోజుకు 1.5 జీబీ డేటా ప్యాక్ ఉన్నవారు మొత్తం డేటాను దీనికే వెచ్చించినా 20 జీబీ పంపడానికి రెండు వారాలు పడుతుంది. కాబట్టి అన్నింటినీ క్లౌడ్‌లోకి ఎక్కించడం చాలామందికి వీలుకాదు, అవసరం కూడా లేదు. డిజీలాకర్‌లో జారీ అయిన ధ్రువపత్రాన్ని మళ్లీ తెచ్చుకోవచ్చు. డౌన్‌లోడ్ చేసిన సినిమా సంగతి చెప్పనక్కరలేదు. తాతగారి గొంతు రికార్డు, సగం రాసిన ప్రాజెక్టు నివేదిక మాత్రం మళ్లీ దొరకవు. మొదటి చోటు వాటికి ఇవ్వండి.

తాళంచెవి, పరీక్ష

ఫోన్ పోయినప్పుడే క్లౌడ్ అవసరం పడుతుంది. కానీ లాగిన్ కావడానికి ఓటీపీ ఆ పోయిన ఫోన్‌కే వస్తుంది! గూగుల్ ఖాతాలో రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్నవారు 10 బ్యాకప్ కోడ్‌లను పొందవచ్చు. వాటిని కాగితంపై రాసి ఇంట్లో భద్రపరచాలి, ఫోన్‌లో కాదు. అలాగే రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. బ్యాకప్ కోసమే తెరిచి మరచిపోయిన ఖాతాలకు ఈ ప్రమాదం ఎక్కువ.

ఆరు నెలలకొకసారి బ్యాకప్ నుంచి ఏవైనా పది ఫైళ్లను వేరొక కంప్యూటర్‌లోకి తెచ్చి తెరవండి. పేర్లు కనిపిస్తే చాలదు. ఫోటో పూర్తిగా తెరుచుకోవాలి, వీడియో చివరిదాకా నడవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక విద్యార్థిని తన ప్రాజెక్టు నివేదికను లాప్‌టాప్‌లో ఉంచింది. దానికి ఒక నకలును అదే లాప్‌టాప్ డి డ్రైవ్‌లో, మరొక నకలును లాప్‌టాప్ సంచిలోనే ఉండే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంది. బస్సులో ఆ సంచి పోయింది. ఆమె దగ్గర ఎన్ని బ్యాకప్‌లు ఉన్నట్లు? ఆమె ముందుగా ఏ ఒక్క మార్పు చేసి ఉంటే నివేదిక మిగిలేది? మీ సమాధానాన్ని అయిదు వాక్యాలలో రాయండి.